సాగని పట్టీ

కొలతలక్క చేతి గడియారం తోలుపట్టీ ఆ ఏడాదిలో రెండోసారి పాడైంది. లోపలివైపు చెమటకు నాని నల్లబడి, తీసి బల్లమీద పెడితే వానలో తడిసిన చెప్పులా వాసన కొట్టేది. మొదటిసారి తోలు మంచిది కాదనుకుంది. రెండోసారి మాత్రం ఇక తోలు జోలికే పోకూడదని తీర్మానించుకుంది.

ఆమె అసలు పేరు దుకాణం బోర్డు మీద ఉంది గానీ ఎవరూ చదివిన పాపాన పోలేదు. మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. మనిషి గుమ్మంలో అడుగు పెట్టగానే భుజం ఇంత, నడుం ఇంత అని కంటితోనే చెప్పేసేది. తర్వాత టేపు పెట్టి చూస్తే పావంగుళం తేడా వస్తే గొప్ప. అందుకే ఆ పేరు. పదహారేళ్లుగా కోట్లు, స్కూలు యూనిఫారాలు, వదులైనవి బిగించడం, బిగువైనవి విప్పడం, ఇదే పని. పక్క మిషన్ మీద తోడికోడలు కూర్చునేది. మరిది భార్యే అయినా ఆ పిల్లని సొంత చెల్లెలిలాగే చూసుకునేది. ఒకే ఇంట్లో కింది వాటాలో పెద్ద కోడలు, పై వాటాలో చిన్న కోడలు. పొద్దున కలిసి బయల్దేరి సాయంత్రం కలిసి ఇంటికి చేరేవాళ్లు.

సుద్ద అంటిన చేతులతో ఫోన్ పట్టుకోవడం అక్కకి చిరాకు. టైము కావాలంటే మణికట్టు తిప్పి చూసుకోవాల్సిందే. గడియారం లేని రెండు రోజులు ఆమెకి చెయ్యి విరిగినంత పనైంది. మూడోరోజు మధ్యాహ్నం వీధి మలుపులో ఉన్న గడియారాల దుకాణానికి వెళ్లింది.

దుకాణం నడిపే ముసలాయన్ని వీధి వీధంతా బాబాయి అనే పిలుస్తుంది. కంటికి భూతద్దం తగిలించుకుని, దాన్ని తియ్యకుండానే మాట్లాడతాడు. చెమట పట్టినా పాడవని పట్టీ కావాలని ఆమె చెప్పగానే, నైలాన్ నేత పట్టీల కట్ట తెచ్చి ఆమె ముందు పరిచాడు. ఇక అక్కడ ముప్పావుగంట పట్టింది. పట్టీ కొనడానికి వచ్చిన మనిషి కాదు, బట్టల తానులో లోపం పట్టుకోవడానికి వచ్చిన మనిషిలా కూర్చుందామె. ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో రుద్దింది, ఏటవాలుగా లాగింది, వెలుతురుకి అడ్డంపెట్టి పడుగూ పేకా ఎంత దగ్గరగా ఉన్నాయో చూసింది. ఒకదాని అంచు కాల్చి అతికించిన చోట గరుకుగా ఉంది. రెండు నెలల్లో పోగులు లేస్తాయని పక్కన పెట్టేసింది. ఇంకోదానికి చిల్లులున్నాయి, నేతని కాల్చి చిల్లు పెట్టడమంటే గుడ్డకి గండి కొట్టడమేనని అది కూడా తోసేసింది. చివరికి జడలా అల్లిన ముదురు నీలం పట్టీ ఒకటి నచ్చింది. దానికి చిల్లులే లేవు. బకిల్ ముల్లు అల్లికలో ఎక్కడ గుచ్చితే అక్కడ దిగుతుంది, తీస్తే సందు మళ్లీ మూసుకుంటుంది.

ఇది సాగదు కదా అని అడిగింది. తన దుకాణంలో సాగేది ముసలాళ్ల కబుర్లు మాత్రమేనన్నాడు బాబాయి.

మొదటి రెండు రోజులు ఆ పట్టీ అట్టముక్కలా బిరుసుగా ఉండి మణికట్టు ఎముక దగ్గర గీసుకుపోయింది. బాబాయి చెప్పినట్టే గోరువెచ్చటి సబ్బునీళ్లలో నానబెట్టి, వేళ్ల మధ్య నలిపి, నీడన ఆరబెట్టింది. ఆరాక దారపు కోనుకి గట్టిగా చుట్టి ఉంచింది. వారం తిరిగేసరికి పట్టీ చేతికి చెప్పినట్టు వినడం మొదలుపెట్టింది. చేతి వంపుకి తగ్గ వంపు దానికీ వచ్చింది. గడియారం ఉన్నట్టే తెలియడం లేదని తోడికోడలికి రోజుకోసారి చెప్పి విసిగించింది.

అయితే ఆమె కొలతల మనిషి కదా. ముల్లు ఒక రోజు ఒకచోట, మర్నాడు ఇంకోచోట దిగడం ఆమెకి నచ్చలేదు. హాయిగా ఉన్న చోటు చూసుకుని, ఆ అల్లిక మీద ఎర్ర దారంతో చిన్న కుట్టు వేసింది. రోజూ ముల్లు అక్కడే గుచ్చాలన్నమాట.

పది రోజులకి గడియారం మణికట్టు మీద జారడం మొదలైంది. ఎర్ర కుట్టు దాటి రెండు అల్లికలు లోపలికి గుచ్చుకుంటే గానీ నిలవలేదు. కొత్తలో కాస్త సర్దుకుంటుందిలే అని అక్కడ రెండో కుట్టు వేసింది. ఇంకో మూడు వారాలు గడిచేసరికి ఆ కుట్టూ దాటిపోయింది. మూడో కుట్టు వేస్తూ ఆమె బాబాయిని నోటికొచ్చినట్టు తిట్టింది. గుడ్డ గురించి తనకే అబద్ధం చెప్పి అంటగడతాడా? నాలుగో కుట్టు వెయ్యాల్సి వచ్చిన రోజు, కత్తిరిస్తున్న కోటు కత్తిరిస్తున్నట్టే వదిలేసి దుకాణానికి వెళ్లింది.

బాబాయి ఆమె చెప్పిందంతా విన్నాడు. గడియారం నుంచి పట్టీ ఊడదీసి, అదే కట్టలోంచి కొత్త నీలం పట్టీ ఒకటి తీసి, రెండూ పక్కపక్కన గాజు బల్లమీద పెట్టాడు. ఒక కొసన రెంటినీ కలిపి పట్టుకుని రెండో కొస ఆమెవైపు తిప్పాడు.

రెండూ సమానంగా ఉన్నాయి. వెంట్రుకవాసి తేడా కూడా లేదు.

ఆమె నమ్మలేదు. మెడలోంచి టేపు తీసి తానే కొలిచింది. వాడిన పట్టీ, కొత్త పట్టీ, మళ్లీ వాడిన పట్టీ. బాబాయి మొట్టమొదటిసారి కంటికున్న భూతద్దం తీసి ఆమె మొహంలోకి చూశాడు.

"అమ్మాయ్, పట్టీ సాగలేదు. నీ చెయ్యే తగ్గింది."

ఎదుటివాళ్ల చేతులు కొలిచి కొలిచి అరిగిపోయిన ఆ టేపుని ఎడమ మణికట్టు చుట్టూ తిప్పుకుంది. తన చొక్కాల చేతుల అంచులు మణికట్టుకి సరిపడా తానే కుట్టుకుంటుంది కనుక ఆ లెక్క నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు: ఆరున్నర. టేపు మీద ఆరు దగ్గర వేలు ఆగింది. వదులుగా పెట్టి చూసినా ఆరే. కూర్చోమని బాబాయి స్టూలు జరిపాడు గానీ ఆమె చూడలేదు. గడియారం, టేపు రెండూ బల్లమీదే వదిలేసి వీధిలోకి వచ్చి, తన దుకాణం దాటి నాలుగు గుమ్మాలు ముందుకు పోయాక గానీ దాటిపోయానని తెలుసుకోలేదు.

ఆగిన చోట మందుల దుకాణం ఉంది. బయట బరువు తూచే యంత్రం. ఎక్కింది. ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, దిగి, మళ్లీ ఎక్కింది. శీతాకాలంలో చూసుకున్నప్పటికన్నా పదకొండు కిలోలు తక్కువ. తాను తిండి మానలేదు. నిజానికి ఈమధ్య ఇద్దరి తిండి తింటోంది. పళ్లెం ఖాళీ చేసి మళ్లీ వడ్డించుకుంటుంటే భర్త నవ్వేవాడు కూడా, బావి పూడుస్తున్నావా అని. మరి పదకొండు కిలోలు ఎటుపోయినట్టు? పోతే పోయింది, ఒంటిమీది బట్టలు ఎందుకు వదులు కాలేదు? లోకంలో అందరి బట్టలూ చూసే మనిషి తన బట్టలు ఎలా చూడలేదు?

దుకాణంలోకి వస్తూనే తాను వేసుకున్న చొక్కా పక్క కుట్టు తిరగేసి చూసింది. తన కుట్టు కాదది. తన కుట్టు అంగుళానికి పన్నెండు. ఇది పది. లోపల అరంగుళం చొప్పున మూడుసార్లు బిగించిన జాడ కనిపిస్తోంది.

మిషన్ మీద తోడికోడలి కాలు ఆగిపోయింది.

"ఎవరు బిగించారే దీన్ని?"

తోడికోడలు తల వంచుకుంది. ముందు ఏడ్చేసింది. తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. రెండిళ్ల ఇస్త్రీ సోమవారాలు దుకాణంలో తనే చేస్తుంది. నాలుగు నెలల కిందట ఒక కోటు వేసి చూస్తున్నప్పుడు, అక్కా నువ్వు గుమ్మం నిండా ఉన్నావు అని తను హాస్యమాడింది. అక్క నవ్వలేదు. ఆ తర్వాత అక్క తగ్గడం మొదలైంది. తన మాట గుచ్చుకుని రాత్రిళ్లు తిండి మానేస్తోందనుకుంది. అడుగుదామంటే నోరు రాలేదు. వదులు బట్టలతో అక్క నలుగురిలో నిలబడితే తనకే తల కొట్టేసినట్టుండేది. అందుకని ఇస్త్రీ చేసేముందు కొంచెం కొంచెం బిగిస్తూ వచ్చింది.

"ఎన్నిసార్లు?"

"చొక్కాలన్నీ మూడేసి సార్లక్కా. లంగాల నడుం పట్టీలు కూడా."

కొలతలక్కకి కోపం రావాల్సింది. రాలేదు. నాలుగు నెలలుగా తన ఒళ్లు తనకి తెలియకుండా కరిగిపోతుంటే, ఇంకొకరు దాన్ని అంగుళాల్లో చూస్తూ వచ్చారు. చూసిన మనిషి తప్పుచేసినట్టు దాచిపెట్టింది. కరిగిన మనిషికి కబురే లేదు. ఆ హాస్యం మాట కూడా ఆమెకి గుర్తులేదు. కోటు కాలర్ గురించి ఆలోచిస్తూ నవ్వలేదేమో, అంతే.

"నేనేమీ మానలేదే. రెండింతలు తింటున్నాను" అంది.

తోడికోడలు మిషన్ మీద గుడ్డ అలాగే వదిలేసి లేచి, షట్టర్ దించి, అక్క చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ డాక్టరమ్మ దగ్గరికి నడిచారు.

డాక్టరమ్మ తొందరపడే మనిషి కాదు. నాడి పట్టుకుని గోడ గడియారం వైపు చూసింది, మెడ తడిమింది, గుటక వెయ్యమంది. తర్వాత రెండు చేతులూ ముందుకి చాచమని, చాచిన వేళ్ల మీద ఒక కాగితం పరిచింది. గదిలో గాలి లేదు. కాగితం మాత్రం గూట్లో పిట్టలా అదురుతోంది. అక్క ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయింది. ఈమధ్య సూదిలో దారం ఎక్కించడానికి నాలుగైదు సార్లు పడుతుంటే కళ్లజోడు మార్చాలనుకుంది గానీ, చేతులు వణుకుతున్నాయని తోచనేలేదు.

చెమటలు ఎక్కువా, నిద్ర తక్కువా, ఊరికే చిరాకా అని డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ అవుననే జవాబు. రక్త పరీక్ష చేసి మర్నాడు విషయం తేల్చింది. గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి అదుపు తప్పి పనిచేస్తోంది. తిన్నది తిన్నట్టు కాలిపోతోంది. కూర్చున్నా పడుకున్నా గుండె మెట్లెక్కుతున్నంత వేగంతో కొట్టుకుంటోంది.

"ఇంకొన్ని నెలలు ఇలాగే వదిలేసుంటే గుండెకే ముప్పొచ్చేది. ఎవరు గమనించారు?"

గడియారం పట్టీ అని చెప్పడానికి అక్కకి సిగ్గేసింది. తోడికోడలే అంతా చెప్పింది, తాను బట్టలు బిగించిన సంగతితో సహా. డాక్టరమ్మ ఆమెని తిట్టలేదు. మందులు రాసి, మూడు వారాలకోసారి రమ్మంది.

భర్తకి ఆ సాయంత్రం చెబితే, బావి మాట తలుచుకుని కంచం ముందునుంచి లేచిపోయాడు. అతన్ని మళ్లీ కూర్చోబెట్టడానికి ఆమెకే తాతలు దిగొచ్చారు. నిజానికి ఆమె లోపలి అదురు కూడా చాలా రోజులు పోలేదు. జబ్బు భయం కాదది. మందులు పడ్డ నెలన్నరకే గుండె నెమ్మదించింది, చెమట తగ్గింది, చేతుల వణుకు సర్దుకుంది. అయినా పొద్దున అద్దం ముందు నిలబడితే, ఎవరో అపరిచితురాలిని చూసినట్టు తన భుజాలూ మెడా మళ్లీ మళ్లీ చూసుకునేది. వీధిలో ఎవరి నడుం ఎంతో చెప్పగలిగిన కన్ను తన మీదికి వచ్చేసరికి గుడ్డిదైందే అన్న మాట ఆమెకి మింగుడుపడలేదు. తోడికోడలితో ఒక్కసారే గట్టిగా మాట్లాడింది: ఇకమీద నా ఒంటిమీద ఏది కనిపించినా నా మొహం మీదే చెప్పు, నేను నొచ్చుకుంటే అది నా ఖర్మ.

ఆ పిల్ల ఆ మాటని మరీ మనసుకి పట్టించుకుంది. నోటికి తాళం ఊడిపోయింది. అక్కా నీ జుట్టు నెరుస్తోంది, అక్కా ఈ రంగు నీకు నప్పలేదు, అక్కా నీ నడకలో ఎడమ కాలు ఈడుస్తున్నావు. అక్కతో ఆగితే బాగుండేది. ఒకరోజు సంగీతం మాస్టారు పాంటు నడుం బిగించమని తెచ్చారు. టేపు పెట్టకముందే తోడికోడలు సూటిగా ఆయన మొహంలోకి చూసింది.

"సార్, మీరు కావాలని తగ్గారా, దానంతటదే తగ్గిందా?"

అక్క నాలుక కరుచుకుంది. మాస్టారు మొదట ఎర్రబడ్డారు. తర్వాత, అలా అడిగేవాళ్ల కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూస్తున్న మనిషిలా కుర్చీ లాక్కుని కూర్చుని, పొద్దున్నే తాను ఎంత దూరం పరుగెడతారో, ఏ బూట్లతో పరుగెడతారో, మోకాలు ఎక్కడ నొప్పెడుతుందో వరసగా చెప్పుకొచ్చారు. ఇద్దరూ చేతిలో పని పక్కన పెట్టి ఆ పరుగంతా విన్నారు.