నాలుగు డిగ్రీలు ఎక్కువ

నేను ఒక థర్మామీటరుని. జ్వరం చూసే రకం కాదు, చంకల్లో దూరే ఖర్మ నాకు పట్టలేదు. రసాయనశాలలో పొడులూ పలుకులూ ఎంత వేడికి కరుగుతాయో చెప్పడం నా ఉద్యోగం. జానెడు పైచిలుకు గాజుగొట్టం, అందులో వెంట్రుకంత సందు, సందులో పాదరసం, దాని వెనక అంకెలు రాసిన తెల్లటి పట్టీ. ఇంతే నా ఒళ్లు. ఈ ఒంటితోనే ఒక మనిషిని పెద్ద శాస్త్రవేత్తను చేశాను. ఎలా చేశానో చెబితే ఆయనకు కోపం రావచ్చు గానీ, నాకిప్పుడు పోయేదేమీ లేదు.

అంబాలాలో పుట్టాను. గాజు ఊది నన్ను చేసిన పెద్దాయన చెయ్యి మంచిది. మంచుముక్కల్లో ముంచి సున్నా దగ్గరా, మరిగే నీళ్లలో పెట్టి వంద దగ్గరా పట్టీని సరిచూసి, బిగించి, దూదిలో పడుకోబెట్టాడు. అక్కడిదాకా నాలో ఏ వంకా లేదు. లారీలో వస్తుంటే నాగపూర్ దాటాక ఒక గుంతలో పడ్డాం. పట్టీ బిగింపు సడలి కాస్త కిందికి జారింది. పైకి చూస్తే తెలియదు. ఆ రోజు నుంచీ నేను ఉన్నదానికంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ చెబుతున్నాను. కావాలని కాదు. పెళ్లిచూపుల్లో పిల్లాడి ఎత్తు వాళ్ల మేనత్త చెప్పినట్టు, నా నోటికి అదే వచ్చేది.

నేను దిగింది సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో. రసాయనశాస్త్ర విభాగం వాళ్లు నన్ను స్టాకు రిజిస్టరులో ఎక్కించి, బీరువాలో పెట్టి తాళం వేశారు. మూడేళ్లు. బయటికిస్తే పగులుతుంది, పగిలితే సంజాయిషీ రాయాలి. అందుకని ఆ బీరువాలో వస్తువులన్నీ కొత్తవిగా ఉంటూనే ముసలివయ్యేవి.

ఆ తాళం తీయించినవారు ఆకెళ్ల విరూపాక్షం గారు. అప్పుడే చేరిన లెక్చరరు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, కళ్లలో ఆత్రం. ఆయన చేతిలో ఒక పసుపురంగు పొడి ఉంది. అది నూట ఎనభై మూడు డిగ్రీల దగ్గర కరుగుతుందని లోకంలో ఉన్న పుస్తకాలన్నీ చెబుతున్నాయి. ఆయన నన్ను పక్కన పెట్టి కరిగించారు. నేను నూట ఎనభై ఏడు అన్నాను.

మామూలు మనిషైతే థర్మామీటరును అనుమానిస్తాడు. ఆయన బాగా చదువుకున్నవారు గనక లోకాన్ని అనుమానించారు.

అటెండరు అప్పలకొండ పక్కనే బీకర్లు కడుగుతున్నాడు. "ఇంకోదాంతో సూడకూడదా బాబూ?" అన్నాడు.

"నీకు తెలీదులే," అన్నారాయన.

నిజమే, అతనికి తెలియదు. ఊరికే అడిగాడు.

ఆ పొడికి ఇంతవరకూ ఎవరూ చూడని మరో స్ఫటిక రూపం ఉందని విరూపాక్షం గారు రెండు పేజీల పరిశోధన పత్రం రాశారు. విదేశీ పత్రిక ఒకటి దాన్ని అచ్చువేసింది. దానికి 'విరూపాక్ష రూపం' అని ఆయన పేరు పెట్టుకోలేదు, అంత నామోషీ పని ఆయన చేయరు. తరవాతి పత్రంలో తన స్కాలరు చేత పెట్టించారు.

ఇక నా దశ తిరిగింది. పట్టుగుడ్డలో చుట్టి ఆయన గది అల్మారాలో పెట్టారు. వేరే పనులకు నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. ఎవరైనా స్కాలరు ఆ రూపం తయారుచేస్తే మాత్రం బయటికి తీసి, తీర్థం ఇచ్చినట్టు ఇచ్చేవారు. నేను నూట ఎనభై ఏడు అనేదాన్ని, అందరూ చేతులు కలుపుకునేవారు. ప్రతి దసరాకూ ఆయుధపూజలో నాకు కుంకుమ బొట్టు పెట్టారు. మంచులో మాత్రం ఒక్కసారీ పెట్టలేదు.

ఇక్కడ సైటేషను అనే దాని గురించి చెప్పాలి. ఒకరు రాసిన పత్రాన్ని ఇంకొకరు తమ పత్రంలో పేరెత్తి ప్రస్తావిస్తే అది ఒక సైటేషను. ఎన్ని వస్తే అంత గొప్ప. ఏమని ప్రస్తావించారన్నది లెక్కలోకి రాదు. విందులో ఆకులు లెక్కపెట్టినట్టన్నమాట. తిన్నవాడు మెచ్చుకున్నాడా, పప్పులో ఉప్పెక్కువైందని లేచిపోయాడా అని ఎవరూ అడగరు. విరూపాక్షం గారి మొదటి పత్రానికి ఇరవై రెండేళ్లలో రెండొందల పన్నెండు వచ్చాయి. రోజూ కుర్చీలో కూర్చోగానే, పాలు పొంగాయా లేదా అని తొంగిచూసినట్టు, కంప్యూటరులో ఆ అంకె చూసుకునేవారు. ఒకటి పెరిగిన రోజున స్కాలర్లకు సమోసాలు.

మొత్తం పత్రాలు అరవై ఒకటి. ఒక పని పూర్తయితే, ఒక్క జామకాయను ముగ్గురు పిల్లలకు కోసినట్టు, మూడు పత్రాలుగా కోసేవారు. ఏ పత్రమైనా మొదటి పేరాలో ఆ మొదటి పత్రాన్ని తలుచుకోవాలి. ఏ పూజకైనా ముందు పసుపు వినాయకుణ్ణి చేసుకోమా, అలాగ.

ఇంత వైభవం నడుస్తుండగా కొల్లాబత్తుల నీలవేణి వచ్చింది. కోనసీమ పిల్ల. తక్కువ మాట్లాడుతుంది, చేసిన పనినే మళ్లీ చేస్తుంది. ఐదేళ్లు కష్టపడి థీసిస్ చివరి అధ్యాయానికి చేరింది. అందులో విరూపాక్ష రూపం తయారుచేసి చూపించాలి. ఆ నెలాఖరుకు థీసిస్ ఇవ్వకపోతే ఆమె రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఐదేళ్లూ నీళ్లపాలు.

పొడి చేసి, విభాగానికి కొత్తగా వచ్చిన మిషనులో పెట్టింది. నూట ఎనభై మూడు. మళ్లీ చేసింది. నూట ఎనభై మూడే. పదకొండు సార్లు చేసి ఆయన గదికి వచ్చింది.

"సర్, నా చేతిలో ఆ రూపం రావట్లేదండి."

"చెయ్యి తిరగాలమ్మా. ఆ మిషన్లు ఏం చెబుతాయి? దీంతో చూడు," అని పట్టుగుడ్డ విప్పి నన్నిచ్చారు.

నాతో చూసింది. నూట ఎనభై ఏడు అన్నాను.

"చూశావా!" అన్నారాయన.

"చూశానండి," అంది. ఆ 'అండి'లో మర్యాద ఉంది గానీ ఒప్పుకోలు లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన మీటింగుకు వెళ్లాక నీలవేణి అప్పలకొండ దగ్గరికి నడిచింది.

"బాబాయ్, కాసింత ఐసు దొరుకుద్దా?"

"గేటు కాడ సెరుకురసం బండోడి కాడుంటది తల్లీ. దాహవేత్తందా?"

"నాక్కాదు. దీనికి."

అప్పలకొండ నన్ను చూసి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "ఓలమ్మో! ఇరగ్గొట్టేవంటే మనిద్దరికీ కలిపి ఒకే తద్దినం ఎట్టేత్తారు!" అన్నాడు. అంటూనే వెళ్లి తెచ్చాడు.

దంచిన ఐసు, కాసిని నీళ్లు. అందులో నన్ను ముంచింది. పాదరసం జరజరా దిగి ఆగింది. నాలుగు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఎవరో నా సంగతి నన్ను అడిగారు, నేను చెప్పాను.

"ఐసులో ఎంతుండాలమ్మా?" అన్నాడు అప్పలకొండ.

"సున్నా."

అతను కాసేపు లెక్కవేసుకున్నాడు. "అయితే మన బాబుగోరి రూపం..."

"నెమ్మది, బాబాయ్."

సాయంత్రం ఆమె ఐసు సంగతి విరూపాక్షం గారికి చెప్పింది. చేతిలో ఒక కట్ట కాగితాలు కూడా ఉన్నాయి. ఆయన ముఖం ఎర్రబడింది.

"రెండొందల పన్నెండు మంది ప్రస్తావించారమ్మా నా పత్రాన్ని! అంతమందీ వెర్రివాళ్లా?"

"కాదండి. నూట యాభై రెండు మంది ఆ రూపం తమకు రాలేదనే రాశారండి. మిగతా అరవై మన ల్యాబువే. వాళ్లు రాసినవి ఇవిగో. మీరు చదివారా సర్?"

ఆయన చదవలేదు. లెక్కపెట్టారు.

"నూట ఎనభై ఏడని రాసి తీసుకురా," అన్నారు చివరికి. "లేకపోతే నా సంతకం ఉండదు."

"నా రిజిస్ట్రేషన్ పోద్దండి. తెలుసు. అయినా అది రాయలేనండి," అని కాగితాల కట్ట బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ కట్ట శనివారం ఆయన సంచిలో ఇంటికి వెళ్లి సోమవారం తిరిగొచ్చింది. ప్రతి కాగితం మీదా పెన్సిలు గీతలు. ఆయన గడ్డం గీసుకోలేదు.

"అప్పలకొండా, కొంచెం ఐసు తెస్తావా?"

అతను వెళ్లి తెచ్చాడు. ఆయనే స్వయంగా నన్ను ముంచారు. నాలుగు. తీసి, తుడిచి, మళ్లీ ముంచారు. నాలుగు. ఆయన కంటి ముందు నేను ఇంకేం చెప్పగలను?

నీలవేణిని పిలిచి థీసిస్ మీద సంతకం చేశారు. "ఆ తేడా ఎందుకొచ్చిందో రాయాలా?" అని అడిగారు.

"రాయాలండి."

"'పరికర పరిమితి' అని రాయి."

"థర్మామీటరు తప్పని రాస్తానండి."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "సరే, థర్మామీటరనే రాయి. ఎవరిదని మాత్రం రాయకు."

వైవా అనే మౌఖిక పరీక్ష రోజున నీలవేణి నన్ను డబ్బాలో పెట్టి తీసుకెళ్లింది. పరీక్షకురాలు ప్రొఫెసరు తాయారు గారు. తెల్లజుట్టు, చేనేత చీర, చూపు సూదిలాంటిది. ఆమెకు ఆ పని ఒక్కటే కాదు. ఆ మర్నాడు విరూపాక్షం గారికి ప్రొఫెసరు పదవి ఇవ్వాలా వద్దా అని తేల్చే కమిటీలోనూ ఆమె ఉన్నారు. ఆ సంగతి ఆ హాల్లో అందరికీ తెలుసు.

ఆమె థీసిస్ తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆగారు.

"ఏదో ఒక థర్మామీటరు నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపించిందని రాశావు. ఎవరిదమ్మా అది?"

నీలవేణి నేనున్న డబ్బా వైపు చూసింది. చెబితే గైడు పరువు పోతుంది, చెప్పకపోతే డిగ్రీ నిలవదు. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"ఎందుకడుగుతున్నానంటే," అన్నారు తాయారు గారు, "మా దగ్గర కృష్ణవేణమ్మని ఒక పిల్ల ఉండేది. ఈ రూపం కోసం ఎనిమిది నెలలు తంటాలు పడింది. రాలేదు. తన చేతిలోనే లోపం ఉందనుకుని పరిశోధన మానేసి వెళ్లిపోయింది. నేనూ అలాగే అనుకున్నాను. అందుకు."

మొదటి వరసలో కుర్చీ కిర్రుమంది. విరూపాక్షం గారు లేచి నిలబడ్డారు.

"ఆ థర్మామీటరు నాదేనండి," అన్నారు. "ఇరవై రెండేళ్లు నా దగ్గరే ఉంది. ఒక్కసారైనా మంచులో పెట్టి చూసుకోలేదు. ఈ అమ్మాయి చూసింది. మీ విద్యార్థిని చేతిలో ఏ లోపమూ లేదు. వీలైతే నా మాటగా చెప్పండి."

వెనక తలుపు దగ్గర నిలబడ్డ అప్పలకొండ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తాయారు గారు థీసిస్ మూసి ఆయనతో, "కూర్చోండి," అన్నారు. తరవాత నీలవేణి వైపు తిరిగి, "డాక్టరు గారూ, మీరు కూడా," అన్నారు.

మర్నాటి కమిటీ ఆయనకు పదవి ఇచ్చేసింది. తాయారు గారు ఏదో చెప్పబోయారట గానీ, మిగతావాళ్లు అప్పటికే రెండొందల పన్నెండు చూసి టిక్కు పెట్టేశారు. నీలవేణి రాసిన దిద్దుబాటు పత్రం ఆయన మొదటి పత్రాన్ని ప్రస్తావించక తప్పలేదు గనక, ఆయన లెక్క రెండొందల పదమూడు అయింది. ఆ రోజు సమోసాలు తెప్పించలేదు.

నన్ను మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో, పగిలిన నా జాతివాళ్ల మధ్య పడుకోబెట్టారు. పాదరసం ఉన్నవాటిని ఎలా వదిలించుకోవాలో తేల్చడానికి ఒక కమిటీ వేశారట. కమిటీ ఇంకా కూర్చోలేదు. నాకు తొందరేమీ లేదు. విరూపాక్షం గారి నోట నేను విన్న మాటల్లో ఆ వైవాలో అన్నదాన్నే ఎక్కువగా తలుచుకుంటూ ఉంటాను. ఆయన అరవై ఒక్క పత్రాల్లో అది లేదు, ఎవరూ దాన్ని ప్రస్తావించలేదు. విశ్వవిద్యాలయం దాచుకున్న ఆనాటి నివేదికలో 'అభ్యర్థిని సంతృప్తికరంగా సమాధానాలిచ్చారు' అని ఒక్క ముక్క ఉంది, అంతే.