బ్రేకు మీద కాలు

"ఇంకోసారి కుడికి తిప్పెయ్," అన్నాడు బావ, షెడ్డు ముందు ఖాళీ స్థలంలో నిలబడి.

మెకానిక్ స్టీరింగు చివరిదాకా తిప్పి, కారును నెమ్మదిగా గుండ్రంగా నడిపాడు. ముందు చక్రం దగ్గర టక టక టకమంది. బావ కళ్ళు మూసుకుని, తల ఓ పక్కకి వంచి విన్నాడు.

"ఎడమ చక్రం జాయింటు. రబ్బరు తొడుగు చిరిగి చాన్నాళ్ళయింది. ఇసుక నములుతోంది పాపం."

వీధిలో అందరూ అతన్ని స్టెతస్కోపు అంటారు. మెకానిక్‌కి అక్క మొగుడు. పెళ్ళయిన కొత్తలో నూలుమిల్లు మూతపడితే, నాలుగు రోజులు నీ దగ్గర కూర్చుంటానురా అంటూ వచ్చాడు. ఆ నాలుగు రోజులూ ముప్పై ఒక్క ఏళ్ళయ్యాయి. పానా సరిగా పట్టుకోవడం ఇప్పటికీ రాదు. కానీ వందల యంత్రాల మోతలో ఏది గాడి తప్పిందో పట్టేసే చెవి ఒకటి వెంట తెచ్చుకున్నాడు. సొంతానికి సైకిలు తప్ప ఏ బండీ కొనలేదు. ఊళ్ళో ఏ కారు ఎక్కడ మూలుగుతుందో మాత్రం అతనికే తెలుసు.

ఈ కారు పురుళ్ళ నర్సమ్మది. పాతికేళ్ళ బండి. నాలుగింటికి డ్యూటీకి వెళ్ళాలి ఆవిడ.

బావ లోపల కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకుంటే, మెకానిక్ ఇరుసు చివర నట్టు వదులు చేశాడు. తొక్కకపోతే నట్టుతో పాటు ఇరుసూ తిరిగిపోతుంది. జాకీ ఎత్తి, చక్రం ఊడదీసి, ఇరుసును బయటికి లాగాడు. రబ్బరు తొడుగు కోసేసరికి లోపల గ్రీజు లేదు. నల్లటి బురద ఉంది. తుడిచి చూస్తే, గుండ్లు తిరిగే గాడుల్లో వేలిగోరు దిగేంత గుంటలు.

"నీ చెవి కోసి దాచుకోవాలి బావా," అన్నాడు.

బావ నవ్వలేదు. ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు. "పొద్దుట్నించీ లాగేస్తోందిరా."

"పని చేసేవాడిని నేను. నీకెందుకు లాగుతోంది?"

అప్పుడు నవ్వాడు బావ. బావమరిది వేళాకోళం ఆడితే నవ్వకుండా ఉండటం అతనికి చేతకాదు.

పాత జాయింటును సుత్తితో కొట్టి ఊడదీసి, కొత్తది ఎక్కించి, గ్రీజు కూరి, తొడుగు మీద పట్టీ బిగించేసరికి మూడున్నర. ఇరుసు మళ్ళీ దాని చోట కూర్చుంది. ఇక నట్టు బిగించడమే.

"తొక్కు బావా."

"తొక్కాను, కానివ్వు."

పానాకి గొట్టం తొడిగి, ఒళ్ళంతా బరువు వేసి నొక్కాడు. నట్టు కిర్రుమంటూ పావు చుట్టు తిరిగింది. ఇంకో పావు. మూడోసారి నొక్కగానే ఎదురు బలం ఒక్కసారిగా పోయింది. ఇరుసు గిర్రున తిరిగి, మెకానిక్ మోకాళ్ళ మీద పడ్డాడు. పిడికిలి నేలకి గీరుకుని చర్మం లేచిపోయింది.

"కాలు తీశావేంటి బావా! చెప్పి తియ్యొద్దూ?"

పిడికిలి మీది మట్టి దులుపుకున్నాడు.

"నిద్రపోయావా? నిన్నే!"

లేచి కిటికీలోంచి చూశాడు. బావ సీటుకి ఆనుకుని, తల ఓ పక్కకి వంచి, ఏదో వింటున్నట్టే ఉన్నాడు. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

కారు కోసం వచ్చిన నర్సమ్మ గుమ్మంలోనే చేతిసంచీ పడేసి పరుగెత్తుకొచ్చింది. మెడ మీద వేళ్ళు పెట్టి చూసింది. ఇద్దరూ కలిసి నేల మీదికి దించారు. గుండె మీద నొక్కింది, నొక్కింది, చెమటలు కారేదాకా నొక్కింది. చివరికి చేతులు తీసేసింది.

"లేడు నాయనా."

"ఇప్పుడే తొక్కాడమ్మా," అన్నాడు మెకానిక్. "నట్టు సగం బిగిసింది కూడా."

పానా ఇంకా అతని చేతిలోనే ఉంది. ఆవిడ ఒక్కొక్క వేలే విప్పి దాన్ని పక్కన పెట్టింది.

కబురందుకుని అక్క తడిచేతులతోనే వచ్చింది. ఏడవలేదు. మొగుడి చొక్కా బొత్తాం విడిపోయి ఉంటే పెట్టింది. వ్యాను వచ్చి, అతన్ని ఎక్కించాక అడిగింది.

"పొద్దున భుజం నొప్పన్నారు. నీతో అనలేదట్రా?"

"అన్నాడక్కా."

"నువ్వేమన్నావు?"

మెకానిక్ గీరుకుపోయిన పిడికిలి కేసి చూసుకున్నాడు. అక్క ఒక్క క్షణం చూసి, వ్యానెక్కి కూర్చుంది. నర్సమ్మా ఎక్కింది. షెడ్డు మూసి వెనకే వస్తానని చెప్పాడు.

కారు జాకీ మీదే ఉంది. తెరిచి ఉన్న తలుపు వేద్దామని వంగాడు. లోపల, బ్రేకు పెడలు కింద, పాత టైరు ముక్కతో బావ తనే అడుగు కుట్టుకున్న కుడికాలి చెప్పు, మడమ దగ్గర అరిగి, బోర్లాపడి ఉంది.