కడుపులో రాళ్లని చెప్పారు

టెక్కలిలో గుమాస్తా నీలకంఠం ఇంట్లో, 2007 వేసవిలో, వారం పైగా ఆయన భార్య త్రిపురసుందరి అన్నం ముట్టలేదు. మజ్జిగ, పప్పుకట్టు, ఆసుపత్రివాళ్లిచ్చిన పొడి కలిపిన పాలు, అంతే. ఆమె భారీ మనిషి. మోకాళ్లు అరిగి, సుగరు ముదిరి, పడుకుంటే ఊపిరాడక గోడకానుకుని కునుకు తీసే స్థితికి వచ్చాక, బరువు తగ్గించే ఆపరేషను ఒక్కటే దారని విశాఖపట్నం డాక్టర్లు తేల్చారు. కాలేయానికి పట్టిన కొవ్వు తగ్గితేనే కత్తి పెట్టగలమని ముందుగా ఈ పథ్యం పెట్టారు. సుగరు మాత్ర వేసుకున్నాక ఖాళీ కడుపుతో ఉండొద్దని మరీ మరీ చెప్పారు.

నీలకంఠం ఆ సంగతి ఎక్కడా పొక్కనివ్వలేదు. "తిండి తగ్గించుకోలేక కడుపు కోయించుకుంటోందంటారు సుందరీ. తలెత్తుకోలేం" అన్నాడు. కడుపులో రాళ్లకు ఆపరేషనని చుట్టాలందరికీ చెప్పాడు. చిన్నప్పటి నుంచీ నవ్వులపాలైన మనిషి గనక ఆమె కూడా సరేనంది.

ఇంతలో బారువలో నీలకంఠం అక్క దమయంతి మనవడి ఒడుగు వచ్చింది. వెళ్లకపోతే మాట వస్తుంది. పొడి కలిపిన పాలు ఫ్లాస్కులో పట్టుకెళితే అందులో ఏముందని అడుగుతారు. అందుకని ఫ్లాస్కు ఇంట్లోనే ఉండిపోయింది. అక్కడ పాలో మజ్జిగో అడిగి తాగొచ్చులే అనుకుని, త్రిపురసుందరి పొద్దున్నే సుగరు మాత్ర వేసుకుని భర్తతో బస్సెక్కింది.

ఫలహారం వద్దన్నందుకు దమయంతి, "ఒక పూట మానేస్తే సన్నబడిపోతావేటి సుందరీ?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో చెడ్డ మనసేమీ లేదు. మనమందరం అలాగే నవ్వుతాం. త్రిపురసుందరి కూడా నవ్వింది. ఆ తరువాత గుక్కెడు మజ్జిగ అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

మధ్యాహ్నానికి ఒళ్లంతా చెమటలు పట్టి పందిట్లోనే ఒరిగిపోయింది. భోజనానికొచ్చిన ఆ ఊరి డాక్టరు మన్మథరావు నాడి చూసి, ఏం మందులు వాడుతోందని అడిగాడు. చుట్టూ బంధువులు.

"మందులేం లేవండి. ఉపవాసం" అన్నాడు నీలకంఠం.

ఆ మాట త్రిపురసుందరికి వినబడింది. కాదని చెప్పాలనుకుంది. నాలుక మొద్దుబారిపోయింది. తన ప్రాణం ఆయన నోట్లో ఉందని తెలిసి కూడా వేలయినా కదపలేకపోయింది. ఎవరో వడదెబ్బన్నారు. ఎవరో విసనకర్ర తెచ్చారు. ఆమె కళ్లు తేలేయడం చూశాక గానీ నీలకంఠానికి నోరు పెగల్లేదు.

"సుగరు మాత్ర వేసుకుందండి. పొద్దుట్నుంచీ ఏటీ తాగలేదు. బరువు తగ్గే ఆపరేషనుంది" అని అందరి ముందూ ఏడ్చేశాడు.

గ్లూకోజు ఎక్కించాక ఆమె కళ్లు తెరిచింది. సాయంత్రం విశాఖ ఆసుపత్రికి ఫోను చేస్తే, పరీక్షలన్నీ మళ్లీ చెయ్యాలి, ఆపరేషను వాయిదా అన్నారు. ఎప్పుడో చెప్పలేదు. అన్నాళ్ల ఆకలీ వృథా అయింది. ఆ కబురు విని కన్నీళ్లు తుడుచుకునే ఓపిక కూడా లేక త్రిపురసుందరి గోడకు చేరబడింది. పందిట్లో ఆడవాళ్లు, కడుపు కోయించుకుంటుందట అని అప్పుడే చెవులు కొరుక్కుంటున్నారు. ఆ మాటలూ ఆమెకు వినబడుతూనే ఉన్నాయి.

మన్మథరావు పందిట్లోకి వచ్చాడు. గొంతు పెంచలేదు.

"కాలు విరిగితే పదిమందికీ సెప్పుకుంటాం. ఒళ్లు బరువెక్కితే మాత్రం దొంగతనం సేసినట్టు దాసుకుంటన్నాం. ఇదీ జబ్బేనమ్మా, తిండిపోతుతనం కాదు. ఈయన దాయడం తప్పే. కానీ దాసుకునేంత భయం పెట్టింది మనం. ఒకరి ఒంటిని సూసి నవ్వడం మనం మానితేనే, వాళ్లు జబ్బు సెప్పుకుని బతుకుతారు."