బాల్కనీ తలుపు దగ్గర బల్ల

“కాస్త లేమ్మా, బట్టలు ఆరేసుకొస్తాను” అంది అత్తగారు సుబ్బలక్ష్మి, బకెట్‌తో వచ్చి నిలబడి. వందన లేచింది. కుర్చీని బల్ల కిందికి తోసి తను గోడకు అతుక్కుంటే తప్ప బాల్కనీ తలుపు తెరుచుకోదు. ఆవిడ వెళ్లాక కూర్చుంది. ఆవిడ తిరిగి రావడానికి మళ్లీ లేచింది. సాఫ్ట్‌వేర్ అంటే కూర్చుని చేసే ఉద్యోగమని ఎవరన్నారో గానీ, ఈ చిక్కడపల్లి ఫ్లాట్‌లో వందనది మాత్రం లేచి నిలబడే ఉద్యోగం.

మొన్న వేసవిదాకా ఆమె బల్ల వెనక గదిలో, కిటికీ పక్కన ఉండేది. గ్రూప్స్‌కు చదువుతానని మరిది ఫణికిరణ్ వచ్చి ఆ గదిలో చేరాడు. పక్కనే అశోక్ నగర్‌లో బోలెడు రీడింగ్ రూములున్నాయి కదా అంటే, “అక్కడ ఒకటే గోల వదినా” అన్నాడు. “నీదేముంది, ల్యాప్‌టాపేగా, ఎక్కడైనా సర్దుకుంటావు” అంటూ భర్త సుధీంద్ర బల్లను స్వయంగా మోసుకొచ్చి ఈ నడవాలో పడేశాడు. పెళ్లానికి ఎంత సాయం చేస్తాడోనని అత్తగారు మురిసిపోయింది కూడా. ఆ గదికీ బాల్కనీలోకి తలుపుంది. చదువుకునే పిల్లాడి ఏకాగ్రత చెడుతుందని అటు ఎవరూ వెళ్లరు. ఉతికిన బట్టలూ, మొక్కలకు నీళ్లూ, సుధీంద్ర ఫోన్ కబుర్లూ అన్నీ వందన కుర్చీ పక్కనుంచే. పిల్లాడికి ముప్ఫై దాటాయి.

ఆసుపత్రి రిసెప్షన్‌లో వాడే ప్రోగ్రామ్ ఆమె పని. విండోను చిన్నది చేసినా పెద్దది చేసినా అందులోని బటన్లు, పెట్టెలు తమంతట తామే చోటు మార్చుకోవాలి. ఇవాళ పదకొండింటికి దాన్ని ఆసుపత్రి వాళ్లకు వీడియో కాల్‌లో చూపించాలి. పోయినసారి మాట్లాడుతూ మాట్లాడుతూ మాటిమాటికీ లేస్తే, ఈ పని ఇంకెవరికైనా ఇద్దామా అని పైవాళ్లు అననే అన్నారు. ఈ పని పోతే ఇక ఈ బల్ల కూడా ఎందుకంటారు ఇంట్లో. ఆమె భయమంతా అదే.

ముందుగా ఒకసారి చూద్దామని టీమ్ లీడ్ నర్మద ఫోన్ చేసింది. వయసులో చిన్నదే, పనిలో గట్టిది. తన తెర మీద విండోను లోపలికి నొక్కి చూసింది.

“వందనక్కా, అన్నీ మంచిగనే జరుగుతున్నయి. గీ డాక్టర్ నోట్స్ పెట్టె ఏంది, దారం లెక్కయింది? దాంట్ల రాసింది ఎట్ల కనవడ్తది?”

“మిగతావాటికి చోటు చాలాలి కదా. అందుకని దాన్నే తగ్గించాను.”

“అన్నిటికి జాగా ఇచ్చుడు గీ ఒక్కదాని పనేనా? ఇంతకంటె తగ్గొద్దని కనీస వెడల్పు పెట్టు. మిగిలినయి గూడ జర జర తగ్గుతయి.”

ఒక్క వరుస కోడ్ రాస్తే సరిపోయింది. విండోను ఎంత నొక్కినా నోట్స్ పెట్టె ఒక చోట ఆగింది. పేషెంట్ల జాబితా కొంచెం తగ్గింది, ఫొటో కొంచెం పక్కకు జరిగింది. దేనికీ ఏమీ కాలేదు. వందనకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఆ పెట్టెను అంత అలవాటుగా నలిపింది తన చేతులే.

పదకొండింటికి ఆసుపత్రి వాళ్లు కాల్‌లోకి వచ్చారు. ఆమె మొదలుపెట్టిందో లేదో, అంతకుముందే ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిన సుధీంద్ర తలుపు నెట్టాడు. అది వచ్చి ఆమె కుర్చీ వీపుకు తగిలింది.

“వందనా, ఒక్క నిమిషం లే.”

ఆమె అప్పటికే సగం లేచింది. కూర్చుంది. మైకు ఆపింది.

“అటు ఫణి గది తలుపు తట్టండి.”

“వాడు చదువుకుంటున్నాడే.”

“నేను పని చేసుకుంటున్నాను.”

మళ్లీ మైకు పెట్టి, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే చెప్పసాగింది. వెనక బాల్కనీలో సుధీంద్ర చెప్పుల చప్పుడు అటువైపు జరిగింది. తర్వాత ఫణి గదిలో, ఆమె ఈ నడవాలోకి వచ్చినప్పటి నుంచీ ఒక్కసారి కూడా తీయని బాల్కనీ తలుపు గడియ, కిర్రుమంటూ కదిలింది.