బల్ల కింది చేతులు

ఒళ్లంతా సెన్సర్లు అంటించిన బిగుతు సూటు వేసుకుని, డెబ్బై రెండేళ్ల నోలా మూడు వారాలపాటు కార్చిచ్చు హెచ్చరికలన్నీ సైగల్లో చెప్పింది. ఆ కదలికలను యానిమేటర్ ఆంగస్ తెర మీది బొమ్మమనిషికి తొడిగాడు. అతనికి చెవులు వినబడతాయి గానీ, సైగలు ఓపిగ్గా నేర్చుకున్నవాడు. నోలా ఊరికే ఒప్పుకోలేదు. పోయిన వేసవిలో ఫోన్‌కొచ్చిన హెచ్చరికలోని ఆఫీసు ఇంగ్లిషు అర్థంకాక, బడినాటి స్నేహితురాలు డాట్ మంటలు పెరటి కంచె దాకా వచ్చినా ఇంట్లోనే కూర్చుంది. తన తోటి బధిరులు ఈ బొమ్మను నమ్మాలి. నమ్మకపోతే ఇంత శ్రమా దండగే.

శనివారం ఆస్ట్రేలియాలోని బల్లారట్ ఊరి బధిరుల క్లబ్బులో మొదటిసారి చూపించారు. లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగించగానే అందరూ తెర వైపు తిరిగారు. బొమ్మ చేతులు బార్లా చాపి, సాఫీగా సైగ చేసింది. జనం మర్యాదకు చూసి లామింగ్టన్ కేకుల మీద పడ్డారు. డాట్ అయితే టీ కలుపుకుంటూ ఉండిపోయింది.

కొత్త మనిషి కనబడితే అక్కడ ఎవరైనా మొదట అడిగేదే మెర్విన్ ముసలాయనా అడిగాడు.

"ఈ పిల్ల ఏ బళ్లో చదివింది?"

ఏ బడి మొహమూ చూసినట్టు లేదులే అని ఆయనే తేల్చేశాడు.

నోలాకు ఒళ్లు మండింది. ఆంగస్‌ను పక్కకు లాగి నిలదీసింది. ఆమె మోచేతులు ఎప్పుడూ పక్కటెముకలకు అతుక్కునే ఉన్నాయనీ, సూటులో లోపమనుకుని అన్నీ సరిచేశాననీ అతను తడబడుతూ సైగ చేశాడు.

లోపమట! వాళ్లంతా చదివిన బధిరుల బడిలో సైగ చేస్తే వేళ్లు వాచేలా కొట్టేవాళ్లు. టీచరు బోర్డు వైపు తిరిగినప్పుడల్లా ఆ పిల్లలు మోచేతులు ఒంటికి అదిమి, బల్ల కింద మాట్లాడుకున్నారు. అరవై ఏళ్లయినా ఆ అలవాటు పోలేదు.

"అవి నా మోచేతులు నాయనా. దిద్దకు. ఎలా ఉన్నాయో అలాగే పెట్టు."

ఆంగస్ ముఖం ఎర్రబడింది. నయం, అసలు కదలికలను చెరిపెయ్యలేదు. వాటినే పెట్టాడు.

ఈసారి బొమ్మ మోచేతులు బిగించి, చేతులు ఛాతీ దగ్గరే తిప్పుతూ చెప్పింది. మంటలొస్తున్నాయి, ఇప్పుడే బయల్దేరండి.

మెర్విన్ కప్పు కింద పెట్టేశాడు. "ఇది మన బడిదే," అన్నాడు. తర్వాత నోలా వైపు తిరిగి, "ఇది నువ్వే కదే," అంటూ కళ్లు తుడుచుకున్నాడు. హాలంతా చేతులు నెత్తి మీదికెత్తి ఊపింది; బధిరుల చప్పట్లు అవి.

డాట్ మాత్రం చేతులు ఊపలేదు. లేచి, సంచీ భుజాన వేసుకుని, కారు తాళంచెవులు చేతిలోకి తీసుకుంది. ఎక్కడికే అని నోలా కంగారుగా అడిగింది.

"నువ్వేగా బయల్దేరమన్నావు," అంది డాట్.