ఉద్ధరిణిలో మిగిలిన నీళ్లు

కేశవ నామం చెప్పి ఎత్తిన నీళ్లు అరచేతిలో పడకుండా పంచె మీద ఒలికిపోతే ఆ ఆచమనం చెల్లుతుందా? ఏళ్ల తరబడి నన్ను తొలిచిన సందేహం ఇది. అడుగుదామంటే నాకు నోరు లేదు. నోరున్నవాళ్లకు ఇలాంటి సందేహాలు రావు.

నేను ఒక రాగి ఉద్ధరిణిని. పూజలో పంచపాత్రలోంచి నీళ్లు తోడే చిన్న చెంచాను. పెద్దాపురంలో ఒక కంచరి నన్ను సాగగొట్టి, తోకకు పాము పడగ చెక్కాడు. అమ్మినవాడు "కాశీ సరుకు" అన్నాడు. కొన్నాయన నమ్మాడు. మనుషుల తెలివి ఏపాటిదో నాకు ఆ రోజే తెలిసింది. ఆయన పోయాక కొడుకు భానుమూర్తి చేతికి వచ్చాను.

భానుమూర్తి నిష్ఠాపరుడు. సంధ్య వార్చనిదే కాఫీ ముట్టడు. అలాంటివాడి చేతికి వణుకు పట్టుకుంది. పార్కిన్సన్స్ అన్నారు. మాత్రలు మొదలయ్యాక చేయి నిలిచింది, నాలో నీళ్లు నాలోనే ఉన్నాయి. ఆ మాత్రకు ఇల్లంతా దణ్ణం పెట్టాలి. పెట్టారా? భానుమూర్తి మండల దీక్ష పట్టాడు. బావమరిది పేరయ్య దిగాడు.

"దీక్షలో ఉండి ఈ బిళ్లలేంటి బావా? నీ నమ్మకం దేవుడి మీదా, మందుల షాపు మీదా?"

"మరి డాక్టరు గారు..."

"ఆయనకేం, ఎన్నైనా చెబుతాడు. నీ చేయి చూసుకో, ఎంత నిలకడగా ఉందో!"

ఆ నిలకడ మాత్రదేనని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. భార్య సీతారత్నం వద్దంది. ఆమె మాటకు ఆ ఇంట్లో విలువ వంటింటి గడప దాకానే. భానుమూర్తి మాత్రలు మానేశాడు.

మరునాడు చేయి పెద్దగా వణకలేదు. ఆ మరునాడు కాస్త బరువెక్కింది, అంతే. పేరయ్య వీధి అరుగెక్కాడు. "దీక్ష మహిమండీ! మా బావ బిళ్ల ముడితే ఒట్టు!" నిన్నటి అన్నం బలంతో ఇవాళ నడిచి, ఇక అన్నమే అక్కర్లేదనుకునే జాతి ఇది.

వారం తిరిగేసరికి నాలో నీళ్లు సగం నేలపాలయ్యాయి. ఆ తర్వాత నన్ను ఎత్తనే లేదు. భానుమూర్తి పీట మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే బిగుసుకుపోయాడు. పేరయ్యకు ఉన్నట్టుండి పొరుగూళ్లో పని పడింది.

డాక్టరు ఇంటికే వచ్చాడు. "మందు ఆపినా దాని మేలు వెంటనే పోదమ్మా. కొన్నాళ్లు ఒంట్లో మిగిలుంటుంది. ఒకరికి నాలుగు రోజులు, ఇంకొకరికి వారం, రెండు వారాలు. అది అరిగాక ఇదిగో, ఇలా. జ్వరం రాలేదు, అదృష్టం. చెప్పాపెట్టకుండా ఆపితే ఒక్కోసారి ఒళ్లు కాలిపోయే జ్వరమొచ్చి ప్రాణం మీదికొస్తుంది. నీళ్లలో కరిగించి, కొంచెం కొంచెంగా పట్టండి."

భానుమూర్తి పెదాలు సరిగా విడలేదు. "దీక్ష... కాలేదు," అన్నాడు పళ్ల మధ్య నుంచే. ఒళ్లంతా కొయ్యబారినా ఆ మాట మాత్రం వచ్చింది. మొండితనానికి ఏ జబ్బూ సోకదు కాబోలు.

సీతారత్నం వాదించలేదు. స్వామి ముందున్న పంచపాత్ర అందుకుని, తీర్థంలోనే మాత్ర కరిగించింది. నన్ను నింపి అతని నోటి దగ్గర పట్టింది.

"మాత్ర కలిపాను, దాచను. కానీ ఇది స్వామి తీర్థం. తీర్థం కాదన్నవాణ్ణి నేను పుట్టింట్లోనూ చూళ్లేదు, ఇక్కడా చూళ్లేదు. మొదటివారు మీరవుతారా?"

భానుమూర్తి ఆమెను చూశాడు, స్వామిని చూశాడు. కళ్లొక్కటే కదిలాయి. తర్వాత మెల్లిగా నోరు తెరిచాడు.

కాపురానికొచ్చిన నాటి నుంచీ రోజూ అతను తీర్థం పోస్తుంటే చేయి పట్టి పుచ్చుకున్న మనిషి ఆమె. తిరిగి పోసే యోగం ఏనాడూ రాలేదు. ఆ పాత బాకీ ఆ పూట, గుక్కగుక్కగా, నా మీదుగా తీరింది.