చిన్నమ్మి వీపు మీది బరువు

ఆదివారం పొద్దున్నే గుడి ముందు వేలాడే రైలు పట్టా ముక్కని ఇనప కడ్డీతో మూడుసార్లు కొట్టడం ఉపదేశి సుక్రు పని. ఫాదరుగారు అరకు నుంచి నెలకోసారి జీపులో వచ్చేవారు. మిగతా ఆదివారాలు ప్రార్థన చెప్పించేది, పాట ఎత్తుకునేది, పిల్లలు గోల చేస్తే కళ్లురిమేది సుక్రే. కాస్త కాఫీ, కాస్త చోళ్లు పండించుకునే మనిషి, చదవడం వచ్చిన పుణ్యాన ఊళ్లో దేవుడి తరఫు మనిషయ్యాడు. ఆ హోదా ఆయనకి నచ్చలేదంటే అబద్ధమే.

అందరూ కూర్చున్నాక చిన్నమ్మి వచ్చేది, వీపున ఖాళీ గుడ్డ కట్టుకుని, ముందుకు వంగి. ఖాళీ అన్నది చూపుకే. ఏడేళ్ల కిందట పోయిన ఆమె కూతురి బరువు అందులో ఉంది. మొదట్లో అది ఐదు నెలల బిడ్డ బరువు. ఏటేటా పెరిగి ఇప్పుడు రెండో తరగతి పిల్లంత అయింది. ఊరు ఎప్పుడో అలవాటు పడింది. కాఫీ పళ్లు కోసేటప్పుడు చదునుగా ఉన్న వరసలు ఆమెకి వదిలేవారు. సంతకెళ్లే జీపులో డ్రైవరు "ఎనక గుంట ఉంది, జరగండి" అని ఆ పిల్లకీ చోటిప్పించేవాడు. నర్సమ్మ ఆమెని తూచి, గుంట బరువు అంచనాగా తీసేసి కార్డులో రాసుకునేది. ఇంకో బిడ్డని కందామని భర్త సోంబరు అడిగితే మాత్రం, "ఏ ఈపున మొయ్యమంటావు?" అనేది చిన్నమ్మి.

ఫాదరుగారు వచ్చినప్పుడల్లా ఆమె అడిగే మాట ఒకటే. "మా గుంట ఎక్కడుంది బాబూ?"

సుక్రు దగ్గరున్న పాత పుస్తకంలో, జ్ఞానస్నానం పొందకుండా పోయిన పసివాళ్లకి పరలోకమూ లేదు, నరకమూ లేదు, నడిమి చోటని రాసుంది. ఫాదరుగారు ఆ పుస్తకాన్ని పట్టించుకోవద్దనేవారు. దేవుడి దయకి అప్పగిద్దాం, ఆశ ఉంది అనేవారు. పాచిపెంట నుంచి వచ్చిన వేరే సంఘం పాస్టరయితే, పసిపిల్లలకి జ్ఞానస్నానం నీళ్ల అవసరమే లేదు, నేరుగా ప్రభువు ఒళ్లోకే అన్నాడు. చిన్నమ్మి అన్నీ వినేది. ఒళ్లో ఉంటే వీపు మీద ఎందుకుంటుందని ఆమె అనుమానం. ఆమె అడిగిన ప్రతిసారీ సుక్రుకి చాపలు సర్దే పనో, దీపం తుడిచే పనో గుర్తొచ్చేది.

తొంభై ఎనిమిదో సంవత్సరం వానల్లో సుక్రు పారే గెడ్డ పక్కన చోడి చేలో కలుపు తీస్తుంటే చిన్నమ్మి బిడ్డనెత్తుకుని పరిగెత్తుకొచ్చింది. బిడ్డ ఒళ్లు కాలిపోతోంది.

"మావా, బేగి నీళ్లు పొయ్యి. ఫాదరొచ్చేదాకా ఉండేలా నేదు."

బిడ్డ మణికట్టుకి దిసారి కట్టిన నల్లతాడు కనబడింది సుక్రుకి. ఊళ్లో రోగమొస్తే పాత దేవతలకి మొక్కి తాడు కట్టే మనిషి దిసారి. సుక్రుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ముందు ఆడి కాడికెల్లి, అయ్యాక నా కాడికొచ్చినావా? ఆ తాడు తీసి రా. అప్పుడు నీళ్లు పోత్తాను."

తాడు కట్టించింది అత్త సోములమ్మ. కట్టించినవాళ్లే విప్పాలన్నది ఆ ఇంటి ఆనవాయితీ. అత్త కొండ మీద పోడు చేలో ఉంది. చిన్నమ్మి కొండెక్కింది, అత్తని బతిమాలి తాడు విప్పించింది, దిగింది. సుక్రు దగ్గరికి వచ్చేసరికి బిడ్డలో ప్రాణం లేదు. నీళ్లు పడని బిడ్డ కదా, సమాధుల కంచె బయట పాతాలని సుక్రే చెప్పాడు. మర్నాడు చిన్నమ్మి ఖాళీ గుడ్డని వీపున వేసుకుంటే, బరువు అందులోకి వచ్చి కూర్చుంది.

ఫాదరుగారికి సుక్రు చెప్పింది రెండే మాటలు: ఆలస్యంగా తెచ్చింది. చెప్పనిది వేరే ఉంది. ఉపదేశుల శిక్షణలో మొదటివారమే నేర్పారు, ప్రాణం మీదికొస్తే ఎవరైనా నీళ్లు పొయ్యొచ్చని. ఆడవాళ్లు పొయ్యొచ్చు, దేవుణ్ని నమ్మనివాళ్లు కూడా పొయ్యొచ్చు. ఆ రోజు గెడ్డ ఆయన కాళ్ల దగ్గరే పారుతోంది. ఆయనకి అంతా గుర్తుంది. గుర్తుండే తాడు తీసి రమ్మన్నాడు. ఏడేళ్లలో ఆ సంగతి మరిచిపోయి అన్నం తిన్న రోజు లేదు.

కాఫీ కోతల నెలలో ఫాదరుగారు వచ్చిన ఆదివారం చిన్నమ్మి ఇంకోలా అడిగింది.

"బాబూ, ఆ తాడు నాను పళ్లతో కొరికేసుంటే గుంట లోపలికెల్లిపోయుండేది కదా. అత్తకి బయపడి కొండెక్కినాను. తప్పు నాది. నా తప్పుకి దాన్ని బయటుంచొద్దని దేవుడికి సెప్పండి."

"నీ తప్పు లేదమ్మా," అన్నారు ఫాదరుగారు. "ఆ రోజు పక్కన నీళ్లు పొయ్యడం తెలిసినవాళ్లు ఒక్కరున్నా సరిపోయేది. ఎవరూ లేకపోయారు."

"నానున్నాను బాబూ," అన్నాడు సుక్రు.

అందరి ముందూ చెప్పేశాడు. గెడ్డ సంగతి, శిక్షణ సంగతి, తన రోషం సంగతి.

చిన్నమ్మి ఆయన వైపు తిరిగింది.

"ఎవులైనా పొయ్యొచ్చా మావా?"

"పొయ్యొచ్చు."

"నానైనా?"

"నువ్వైనా."

"నాకెవులూ సెప్పనేదు," అంది చిన్నమ్మి.

ఆమె లేచి గుడ్డ ముడి విప్పింది. సుక్రు వెనక నిలబడి, కొత్త తల్లికి కట్టినట్టు ఆయన వీపున కట్టింది. ముడి ఎడమ భుజం మీద రావాలంది. ఒక చెయ్యి వెనక ఆనించి ఉంచమంది. ముడి బిగిసిన క్షణాన బరువు ఆయన మీదికి దిగింది, సుక్రు నేల మీద కూలబడ్డాడు. చిన్నమ్మి నడుం నిటారుగా అయింది. ఆమె అంత పొడుగని చాలామందికి గుర్తే లేదు. ఆడవాళ్లు జరిగి, బిడ్డలున్న తల్లుల మధ్య సుక్రుకి చోటిచ్చారు.

తలుపు దాకా వెళ్లిన చిన్నమ్మి వెనక్కొచ్చి, గుడ్డ కొంచెం పైకి లాగి సర్ది, మళ్లీ వెళ్లిపోయింది.

ఆ తరవాతి వానల నుంచి ఏ ఇంట్లో పసిబిడ్డకి జ్వరం ముదిరినా చిన్నమ్మే ముందు వెళుతోంది. తాడుందా లేదా అని చూడదు. దోసిట నీళ్లు పోసి, నేర్చుకున్న రెండు ముక్కలు పలికి, జీపెక్కించి ఆసుపత్రికి పంపిస్తుంది. సుక్రు ఇప్పుడు ఉపదేశిగా లేడు. కర్ర ఊతంతో చేనుకి వెళతాడు, వస్తాడు. గుంట ఇంకా పెరుగుతూనే ఉంది. నడిమి చోటంటే చల్లగా, రాయిలా ఉంటుందనుకున్నాడు ఆయన. వీపుకి వెచ్చగా తగులుతోంది. రోజుకోసారైనా గుంట నిద్రలో కదిలి ఆయన మెడ చుట్టూ చెయ్యి వేస్తుంది. అప్పుడే ఆయనకి మొయ్యడం కష్టమవుతుంది.